ధాత్రమ్మ గుంత

ముందు వాసన సంగతి చెప్పాలి. మా వైజయంతి ఎన్‌క్లేవ్ వాళ్ళెవరూ చెప్పరు కనక నేనే చెప్పాలి. కుళ్ళిన కోడిగుడ్డు, ఇత్తడి బిందె తోమి పారేసిన చింతపండు, నాలుగు రోజులు తడిసి ముద్దయిన గోనెసంచి, ఈ మూడూ ఒకచోట చేరితే ఎలా ఉంటుందో అలా ఉండేది. సెల్లారులో కారు దిగి లిఫ్టు దాకా నడిచేటప్పుడు అందరూ ముక్కుకి కర్చీఫు అడ్డం పెట్టుకునేవాళ్ళు. లిఫ్టు తలుపు మూసుకోగానే కర్చీఫు తీసేసి, "ఏమైనా ధాత్రమ్మ వచ్చాక మనకి కరెంటు బాధ తప్పిందండీ" అనుకునేవాళ్ళు. ఆ వాసన పక్కనే, ఒక్క ఇటుక గోడ అవతల, ఒక సంసారం కాపురం ఉంటోందన్న సంగతి మాత్రం ఎవరి ముక్కుకీ తగల్లేదు.

ధాత్రమ్మ దేవత కాదు. బురద. దివిసీమ మడ అడవుల్లోంచి డబ్బాకెత్తి తెచ్చింది నేను. దానికి విద్య నేర్పింది మా ఆయన పినాకపాణి. నేను మట్టిలో బతికే సూక్ష్మజీవుల గురించి పాఠాలు చెబుతాను, ఆయన అదే కాలేజీలో కరెంటు పాఠాలు చెబుతాడు. ఆయన ఎదురుగా ఉన్నప్పుడు 'మీరు' అనేదాన్ని. ఈ కథలో 'అన్నాడు' అనే రాస్తాను. చదివాక మీరూ ఏమీ అనుకోరు.

ఇదంతా ఒక తీగ తెగడంతో మొదలైంది. ఓ మే నెలలో మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తీగ తెగింది. న్యూట్రల్ తెగితే కరెంటు పోదు, అదే దాని దుర్మార్గం. రెండు వందల ముప్పై రావలసిన చోట నాలుగు వందలు వచ్చిపడుతుంది. మధ్యాహ్నం భోజనాలు చేసి అందరూ ఏసీలు వేసుకుని కునుకు తీస్తున్నారు. ఉన్నట్టుండి ఫ్యాన్లు ఊడిపోతాయేమో అన్నంత జోరుగా తిరిగాయి. టీవీలు టప్పు టప్పున పేలాయి. మూడో అంతస్తు ఇందుమతి గారి ఫ్రిజ్ వెనకనుంచి పొగ. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది, అందులో మా అసోసియేషన్ ప్రెసిడెంటు రంగనాయకులు గారు. కరెంటాఫీసుకి ఫోన్ చేస్తే, "గాలికి తీగ తెగిందండీ, గాలి మా చేతిలో ఉందా" అన్నారు.

ఆ సాయంత్రం నుంచి పాణికి నిద్ర లేదు. బజార్లో దొరికే రక్షణ సామగ్రి అంతా తలుపు మూసే రకమని ఆయన బాధ. దొంగ వస్తే తలుపు మూస్తుంది, మనం చీకట్లో కూర్చోవాలి. తలుపు తెరిచే ఉంచి దొంగని మింగేసే వస్తువు ఒకటి కావాలన్నాడు. అప్పుడు నేను నా బురద సంగతి చెప్పాను.

మడ బురదలో కొన్ని జీవులు ఒకదాని కొస ఒకటి పట్టుకుని దారాల్లా పెరుగుతాయి. ఆ దారాల వెంట సన్నగా కరెంటు పారుతుంది. పాణి ఆ బురదని మా ఆవకాయ జాడీల్లో పోసి, రెండు ఇనప కడ్డీలు గుచ్చి షాకు కొట్టేవాడు. చచ్చేవి చచ్చేవి. బతికినవాటిని ఇంకో జాడీలోకి మార్చి ఇంకాస్త గట్టిగా కొట్టేవాడు. నెలల తరబడి ఇదే పని. చివరికి ఒకరోజు ల్యాబులో ఒక బల్బు తగిలించి నాలుగు వందలు వదిలాడు. బల్బు రెప్ప కూడా వెయ్యలేదు. జాడీలో బురద మాత్రం పొంగే ఇడ్లీపిండిలా ఉబ్బింది. తరవాత సరఫరా ఆపేశాడు. బల్బు ఆరలేదు. బురద బుడగలు బుడగలుగా తేన్చుతూ, తాగినదంతా తిరిగి ఇస్తోంది.

"ఎక్కువైతే తాగుతుంది, తక్కువైతే కక్కుతుంది. ఇంతకంటే ఏం కావాలి విశాలా" అన్నాడు పాణి.

ఆ కక్కడం అనే మాటకి నాకు కాస్త వెగటేసింది గానీ, మాట నిజమే. మరుసటి జూలైలో దాన్ని మా సెల్లారులో దించాం. అన్ని అపార్ట్‌మెంట్లకీ ఉన్నట్టే మాకూ ఎర్తింగ్ గుంత ఉంది. బొగ్గూ ఉప్పూ వేసి, రాగి రేకు పాతి, ఎండాకాలంలో నీళ్ళు పోస్తూ ఉంటారే, అది. ఆ గుంతని వెడల్పు చేసి, బొగ్గుతో పాటు మా బురద పోశాం. దాని ఆహారం ఉప్పునీళ్ళు, బొగ్గుపొడి, గుప్పెడు ఇనపరజను. తీపి మాత్రం తగలకూడదు. తీపి తగిలితే అది చెప్పిన దారిలో కాక తడి ఉన్న ప్రతి దారిలోకీ పెరుగుతుంది. ఈ మాట నేను అందరికీ నోటితో చెప్పాను, లిఫ్టు పక్కన గోడమీద ఎర్రరంగుతో రాయించాను కూడా.

ఆగస్టులో గాలివానకి మళ్ళీ న్యూట్రల్ తెగింది. పక్క అపార్ట్‌మెంటులో మళ్ళీ టీవీలు పేలాయి. మా దాంట్లో కుక్కరు విజిల్ కూడా లెక్క తప్పలేదు. జనం కిందికి దిగి గుంత చుట్టూ చేరి, పుట్టిన పిల్లని చూసినట్టు వంగి వంగి చూశారు.

అంతవరకూ బాగానే ఉంది. పేరు పెట్టడంతో చెడింది. పత్రికలకి పంపే వ్యాసంలో బాగుంటుందని పాణి దానికి 'ధాత్రి' అని పెట్టాడు. భూమి అని అర్థం, ఎర్తింగ్ కదా. రంగనాయకులు గారి నోట్లో అది ధాత్రమ్మ అయింది. మన దగ్గర దేనికైనా చివర 'అమ్మ' తగిలిస్తే ముందు పసుపు వస్తుంది, తరవాత కొబ్బరికాయ వస్తుంది, ఆ వెనకాలే బుద్ధి సెలవు తీసుకుంటుంది.

దసరాకి ఆయుధపూజ నాడు నాకు కాలేజీలో పనిపడింది. మధ్యాహ్నం వచ్చేసరికి గుంత గట్టుకి పసుపు పూసి బొట్లు పెట్టి ఉంది. గుమ్మడికాయ పగిలి ఉంది. పట్టుపంచె కట్టుకుని పీటమీద మా ఆయన. ఇందుమతి గారు బిందెడు పానకం గుంతలో వంపుతున్నారు. అప్పటికే పాలు అయ్యాయి, తేనె అయింది, ఇరవై నాలుగు ఫ్లాట్ల కొబ్బరినీళ్ళూ అయ్యాయి. లిఫ్టు పక్కన నేను రాయించిన ఎర్ర అక్షరాల మీద మామిడాకుల తోరణం వేలాడుతోంది.

"మీరైనా చెప్పొద్దూ" అన్నాను పాణితో.

"ఒక్కరోజుకేం కాదులే. అందరూ సరదా పడుతున్నారు" అన్నాడు. పరాయివాళ్ళు తెలియక చేస్తే అజ్ఞానం అనుకుంటాం. తెలిసినవాడు పీటమీద కూర్చుంటే దాన్నేమనాలో నాకు తెలియలేదు.

ఒక్కరోజుతో ఆగితే నా గొడవ వేరు. ఆ వారమంతా వోల్టేజీ మునుపటికంటే నిలకడగా ఉంది. బురద బలిసింది కదా మరి. "అమ్మకి పానకం ప్రీతి" అని తేల్చేశారు. అక్కణ్ణుంచి ప్రతి శుక్రవారం పాలూ బెల్లమూ. నేను అరిచాను, బతిమాలాను, ఒకసారి పానకం బిందె లాగేసుకున్నాను కూడా. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని ఇందుమతి గారు నా ముందే అన్నారు. పాణి మాత్రం మీటరు పట్టుకుని గుంత చుట్టూ తిరుగుతూ, "ఇప్పుడు మొత్తం బిల్డింగ్ ఏసీలన్నీ తట్టుకుంటోంది విశాలా" అని మురిసిపోయేవాడు. పెళ్ళినాడు కూడా ఆ ముఖంలో అంత వెలుగు చూడలేదు నేను.

గుంత పక్క గదిలో ఉండేది వాచ్‌మన్ అప్పలస్వామి, అతని భార్య పైడితల్లి. విజయనగరం దగ్గర ఊరు వాళ్ళది. సెల్లారు తుడవడం, మెట్లు కడగడం పైడితల్లి పని. సంక్రాంతి వెళ్ళిన కొత్తలో నా దగ్గరికొచ్చింది.

"అమ్మగోరూ, మా గోడ ఓపాలి సూడండి. పుండుకి సీము కారినట్టు కారతంది" అంది.

వెళ్ళి చూశాను. ఇటుకల సందుల్లోంచి పచ్చగా, జిగురుగా, నెమ్మదిగా దిగుతోంది. వాళ్ళ బియ్యం డబ్బా వెనక చేరింది. చాప అంచు తడిసింది. గచ్చు మీద పలచటి పొర పరుచుకుని, అడుగు వేస్తే పాదాన్ని పట్టుకుని వదులుతోంది. ఆ గదిలో ఇద్దరు మనుషులు వండుకుని తిని పడుకుంటున్నారు. నేను బయటికొచ్చి వాంతి చేసుకున్నాను.

రంగనాయకులు గారికి చెబితే, "పోనీ ఒక రబ్బరు చాప వేయిద్దాం" అన్నారు. వేయించారు. దాని మీదా పాకింది.

ఏప్రిల్ వచ్చింది. ఎండలతో పాటు వీధిలో వోల్టేజీ గంతులు మొదలయ్యాయి. ఒకరోజు సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి సెల్లారులో స్కూటర్ నిలుపుతున్నాను. పైడితల్లి గచ్చు తుడుస్తోంది. ఉన్నట్టుండి తుడుపుకర్ర చేతిలో ఉండగానే బిగుసుకుపోయింది. పళ్ళు కరుచుకున్నాయి, కళ్ళు తెరిచే ఉన్నాయి. వీధిలో లైట్లు భగ్గుమని తగ్గాయి. మా సెల్లారు ట్యూబులైటు మాత్రం నిదానంగా వెలుగుతోంది. మరుక్షణం పైడితల్లి ఏమీ జరగనట్టు తుడవడం మొదలుపెట్టింది.

"ఏమైంది పైడితల్లీ?"

"ఏటీ నేదమ్మా. ఈ మజ్జిన అప్పుడప్పుడు అలగవతంది. నొప్పేటీ నేదు."

కూర్చోబెట్టి పాదాలు చూశాను. ఎప్పుడూ తడిలో తిరిగే మనిషి, మడమలు బీటలు వారి ఉన్నాయి. ఆ బీటల నిండా నల్లటి దారాలు, తలవెంట్రుకల్లాంటివి, చర్మం లోపలికి పోయి ఉన్నాయి. కళ్ళజోడు సవరించుకుని, బ్యాగులోని చిన్న పట్టకారుతో ఒక్కదాన్ని పట్టి లాగాను. పైన ట్యూబులైటు రెపరెపలాడింది.

నాకు అర్థమైంది. ఉప్పూ తడీ ఉన్న మెత్తటి దారి కోసం వెతుక్కుంటూ పోయిన బురదకి మనిషి దొరికింది. ఒంట్లో ఉండేది ఉప్పూ నీళ్ళే కదా. వీధి నుంచి పెద్ద దెబ్బ వచ్చినప్పుడల్లా, గుంత పట్టనంతది పైడితల్లి ఒంట్లోంచి పోతోంది. మా ఏసీలు చల్లగా ఉండటానికి ఆవిడ పళ్ళు కరుచుకుంటోంది.

ఆ వారమే ఆమె చెల్లెలికి నెలలు నిండాయని కబురొచ్చింది. తల్లి లేని పిల్ల, దగ్గరుండి పురుడు పోసేది పైడితల్లే. సంచీ సర్దుకుని బయల్దేరింది. బస్టాండుకి చేరేలోపే రెండు కాళ్ళూ కొంకర్లు పోయి ఆటోలోంచి జారిపడింది. గుంతకి దూరమైతే లోపలున్న దారాలు ఆవిడ ఒంట్లోని ఉప్పునే పీల్చుకుంటాయి. అప్పలస్వామి మోసుకొచ్చి సెల్లారులో దించాడు. పాదాలు ఆ జిగురులో ఆనగానే ఆమెకి ప్రాణం వచ్చింది.

పరుగున పైకెళ్ళి పాణికి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"తెలుసు. పది రోజుల్నుంచి గమనిస్తున్నాను. ఆవిడ మెట్లు కడగడానికి పైకొస్తే మనకి వోల్టేజీ పడిపోతోంది. కిందికెళ్తే నిలబడుతోంది. చాలా మంచి కండక్టర్, విశాలా" అన్నాడు.

"తెలిసి నాకు చెప్పలేదా?"

"చెబితే గొడవ చేస్తావని."

ఆయన కాఫీ తాగుతున్నాడు. చివరి గుక్క దాకా హాయిగా తాగి, గ్లాసు బల్లమీద పెట్టి, ఆవిడకేమీ నొప్పి లేదని మరోసారి చెప్పాడు. ఆ మనిషితో ఇన్నేళ్ళు ఒకే కంచం, ఒకే మంచంగా బతికానని తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది.

విరుగుడు ఉంది, పెద్ద కష్టమూ కాదు. నిండుగా ఉన్న గుంతలో బ్లీచింగ్ పౌడర్ పోస్తే, అది తాగినదంతా ఒక్కసారిగా కక్కుతుంది, పైడితల్లి మీదుగా. అలా కాకుండా, మెయిన్ ఫ్యూజులు పీకి, ఒక్కరోజు బిల్డింగ్ అంతా గుంతలో ఉన్నదానితోనే నడిపిస్తే అది ఖాళీ అవుతుంది. ఖాళీ అయితే దారాలు సొమ్మసిల్లుతాయి. అప్పుడు బ్లీచింగ్‌తో కడిగేస్తే ఊడి వచ్చేస్తాయి. కావలసింది ఒక్కరోజు. ఆ మర్నాటి నుంచి అందరిలా మనమూ స్టెబిలైజర్లు పెట్టుకోవాలి, కరెంటు పోతే విసనకర్ర పట్టుకోవాలి. అంతే.

మీటింగ్ పెట్టించాను. రంగనాయకులు గారి హాల్లో ఏసీ గుయ్యిమంటోంది. నేను పైడితల్లి కాళ్ళ ఫోటోలు చూపించాను. "అయ్యయ్యో, భోజనాల ముందు ఇవేంటండీ" అని ఒకాయన ముఖం తిప్పుకున్నాడు.

"ఒక్కరోజు ఫ్యూజులు పీకి ఉంచితే ఆవిడ బతుకుతుంది" అన్నాను.

రంగనాయకులు గారు గొంతు సవరించుకున్నారు. "కాదనట్లేదమ్మా. మానవత్వం మాకూ ఉంది. కానీ ఈ ఎండల్లో ఫ్యూజులు పీకి, ఆ తరవాత అమ్మ లేకుండా ఎలా? మళ్ళీ ఆ న్యూట్రలు తెగిందనుకోండి. ఎండాకాలం వెళ్ళనివ్వండి, జూన్‌లో చూద్దాం."

"ఈలోగా ఆవిడకేమైనా అయితే?"

"నొప్పి లేదంటోందిగా" అన్నారు ఇందుమతి గారు. "ఎక్కడికీ వెళ్ళకుండా ఉంటే చాలు. మా అబ్బాయి ఇంట్లోంచే పనిచేస్తాడండీ, వాడికి నెట్ ఒక్క నిమిషం ఆగినా కష్టం."

"వాళ్ళ గదికో కొత్త ఫ్యాన్ పెట్టిద్దాం" అన్నాడు ఇంకొకాయన. అందరూ బాగుందన్నారు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ ఆ పిడికెడు కూడా ఎవరూ తీసుకోలేదు. నేను పాణి వైపు చూశాను. ఆయన గోడ గడియారం వైపు చూశాడు.

టీ కప్పులు అందిస్తూ అప్పలస్వామి అక్కడే ఉన్నాడు. మొత్తం విన్నాడు. ఎవరికీ చక్కెర తక్కువ కాకుండా అడిగి అడిగి వేశాడు. ఖాళీ పళ్ళెం పట్టుకుని గుమ్మం దాటుతూ నాతో ఒక్క మాటన్నాడు.

"దాని సెల్లికి పురుడు పోసేవోలెవరూ నేరమ్మా."

మర్నాడు ఆదివారం. టిఫిన్ల వేళకి నేను సెల్లారులో దిగి, చెక్క కర్రతో తట్టి మెయిన్ ఫ్యూజులు మూడూ పీకి నా బ్యాగులో వేసుకున్నాను. పైడితల్లిని గుంత పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాను. అప్పలస్వామి బ్లీచింగ్ పౌడర్ సంచి తెచ్చి సిద్ధంగా పెట్టాడు.

ఎవరికీ తెలియలేదు. కరెంటు పోలేదు కదా. పైన మిక్సీలు తిరుగుతున్నాయి, టీవీలు మోగుతున్నాయి. లిఫ్టు నాలుగుసార్లు నా పక్కనుంచే పైకీ కిందికీ తిరిగింది. గుంతలో బుడగలు లేస్తున్నాయి. వాసన భరించలేక చీరకొంగు ముక్కుకి చుట్టుకున్నాను. మధ్యాహ్నానికి బురద దిగింది, చల్లారిన పాలమీద మీగడలా ముడతలు పడింది. పైడితల్లికి కాళ్ళు లాగడం మొదలైంది. నొప్పి తెలుస్తోందంటే మడమల్లో దారాల పట్టు సడలుతోందన్న మాట. ఆవిడ ఏడవలేదు. చెల్లెలికి ఆడపిల్ల పుడితే ఏం పేరు పెట్టాలో నన్నడిగింది.

ఎండ తగ్గే వేళకి లిఫ్టు ఆగింది. ఏసీలు చల్లదనం తగ్గి మూలగడం మొదలుపెట్టాయి. అప్పుడు దిగారందరూ, మెట్ల మీదుగా, చెమటలు తుడుచుకుంటూ. ముందు పాణి, చేతిలో కొత్త ఫ్యూజులు. నా దగ్గరున్నవి కాక ఇంకో జత ఇంట్లో ఉందన్న సంగతి మరిచిపోయాను.

"ఇప్పుడు పెట్టొద్దు" అన్నాను. "ఖాళీ కడుపుతో ఉంది. ఒక్కసారిగా తాగుతుంది. ఎవరి గుండా తాగుతుందో మీకు తెలుసు."

"ఇంకా కొంచెం మిగిలే ఉంది. తట్టుకుంటుందేమో" అన్నాడు. ఆ 'ఏమో' దగ్గర ఆయన గొంతు తగ్గింది.

"పెట్టెయ్యండి సార్. ఒకళ్ళ కోసం ఇంతమందిని ఉడకబెడతారా" అన్నారు వెనకనుంచి రంగనాయకులు గారు.

పాణి బోర్డు దగ్గరికి నడిచాడు. మొదటి ఫ్యూజు ఎత్తి, దాని చోటుకి జానెడు దూరంలో పట్టుకున్నాడు. అప్పలస్వామి అడ్డం రాబోతే ఇద్దరు పట్టుకున్నారు. పేర్లు రాయను, ఇద్దరూ చదువుకున్నవాళ్ళే.

నేను చెప్పులు వదిలేశాను. ఆ బురదలో కాలు పెట్టాను. చల్లగా ఉంది. వేళ్ళ సందుల్లోకి పాకుతోంది, తడుముతోంది. పైడితల్లి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ విడిపించుకోబోయింది.

"ఎల్లిపోండమ్మా, మీకెందుకు" అంది.

వదల్లేదు నేను. పాణి వైపు తిరిగి, "పెట్టు" అన్నాను.

జీవితంలో మొదటిసారి ఆయన్ని ఏకవచనంలో పిలిచాను. ఆయన అది గమనించినట్టు లేదు. ఫ్యూజు అలాగే పట్టుకుని నన్నూ, నా కాళ్ళనీ, మా చేతులనీ చూశాడు. తరవాత, వంటింట్లో నేను గ్యాస్‌పొయ్యికి అడ్డం నిలబడితే ఎంత మెత్తగా చెబుతాడో అంత మెత్తగా అన్నాడు.

"విశాలా, నువ్వు కాస్త పక్కకి రా."

నేను రాలేదు. ఆయన ఇంకోసారి అన్నాడు. అప్పటికీ రాలేదు. చివరికి ఫ్యూజు పట్టుకున్న చెయ్యి దించాడు. జనం గొణుక్కుంటూ, నన్ను తిట్టుకుంటూ మెట్లెక్కిపోయారు. అప్పలస్వామిని పట్టుకున్న ఇద్దరూ మా సంచిలోని బ్లీచింగ్‌తో చేతులు కడుక్కుని మరీ వెళ్ళారు. దీపాలు పెట్టే వేళకి సెల్లారు ట్యూబులైటు ఎర్రబడి ఆరింది. గుంత ఖాళీ అయింది.

ముందు గుంతలో, తరవాత గోడలకీ గచ్చుకీ బ్లీచింగ్ పోశాం. పైడితల్లి కాళ్ళు అదే నీళ్ళతో కడిగితే దారాలు తూములో చిక్కుకున్న జుట్టులా కుచ్చులు కుచ్చులుగా ఊడి వచ్చాయి. నా వేళ్ళ సందుల్లోంచీ నాలుగైదు వచ్చాయి. రక్తం కారే మడమలకి గుడ్డలు చుట్టుకుని, మర్నాడు పొద్దున్న ఆ భార్యాభర్తలిద్దరూ బస్సెక్కారు. ఈసారి ఆమె పడిపోలేదు. చెల్లెలికి మగపిల్లాడు పుట్టాడని ఫోన్ చేసింది. మళ్ళీ ఇక్కడికి రామని చెప్పింది. నేను రమ్మనలేదు.

ఆ తరవాత వారం అపార్ట్‌మెంటులో నాతో ఎవరూ మాట్లాడలేదు. ఇందుమతి గారి ఫ్రిజ్‌లో ఏవో పాడయ్యాయట, అవి నా గుమ్మం ముందు పెట్టి వెళ్ళారు. నేను తీసి పారేసి గుమ్మం కడుక్కున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం దగ్గర, కరెంటు లేదు, పాణి పేపరుతో విసురుకుంటూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి అన్నాడు.

"అందరూ నిన్ను తిడుతున్నారు. నేను ఒక్క మాట అనలేదు, చూశావా. ఆ రోజు ఫ్యూజు కూడా పెట్టలేదు."

"నన్ను పక్కకి రమ్మన్నావు" అన్నాను.

"అవును మరి" అన్నాడు. ఆ మాట నేనెందుకు అంటున్నానో ఆయనకి నిజంగానే తెలియలేదు. "నువ్వు నా భార్యవి. నిన్ను అక్కడ ఉంచి ఎలా పెడతాను?"

నా కంచంలో పెరుగు తక్కువైందని చూసి, తనే లేచి గిన్నె తెచ్చి వడ్డించాడు. ఆ కళ్ళలో ప్రేమ ఉంది, అబద్ధం కాదు. నేను కంచం పక్కకి నెట్టి లేచాను.